చలికాలంలో కార్ఖానా: తక్కువ ఖర్చుతో వెచ్చదనం ఎలా?

డిసెంబర్, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. రేకుల షెడ్డులో కుట్టు మిషన్ ముందు కూర్చునేవాళ్లకు పొద్దున రెండు మూడు గంటలు వేళ్లు కొంకర్లు పోతాయి. చాలామంది బజారుకెళ్లి ఒక ఫ్యాన్ హీటర్ కొనుక్కొస్తారు. నెల తిరిగాక కరెంటు బిల్లు చూసి దాన్ని మూలన పడేస్తారు.

ఫ్యాన్ హీటర్ గాలిని వేడి చేస్తుంది. వేడిగాలి పైకి పోతుంది. పైనేమో పలుచని రేకు, ముందేమో బార్లా తెరిచిన షట్టర్! చిల్లుల కుండలో నీళ్లు పోసినట్టే. అలాంటి చోట మనిషిని వెచ్చబెట్టుకోవాలి గానీ షెడ్డును కాదు. క్వార్ట్జ్, హాలోజన్ రాడ్ల హీటర్ల వేడి ఎండలాగా నేరుగా ఒంటికి తగులుతుంది. కూర్చుని పని చేసే టైలర్‌కు, మగ్గం వర్క్ చేసేవాళ్లకు ఇదే సరైనది.

లెక్క చూడండి. 2000 వాట్ల ఫ్యాన్ హీటర్ రోజూ నాలుగు గంటలు ఆగకుండా నడిస్తే 8 యూనిట్లు, నెలకు 240. 800 వాట్ల రాడ్ హీటర్‌కు అదే నాలుగు గంటలకు 3.2 యూనిట్లు, నెలకు 96. యూనిట్ పది రూపాయలు అనుకుంటే 2,400 ఎక్కడ, 960 ఎక్కడ!

హీటర్ కొనేముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. సిమెంటు నేల కాళ్ల నుంచి వేడిని లాగేస్తుంది. కాళ్ల కింద ప్లైవుడ్ ముక్క, దానిమీద గోనెసంచి వేస్తే సగం చలి తగ్గినట్టే ఉంటుంది. షట్టర్‌కు లోపలి వైపు మందపాటి పరదా కట్టండి.

వడ్రంగి పని, పాలిష్, బైక్ రిపేర్ షాపుల సంగతి వేరు. రంపపు పొట్టు, థిన్నర్, పెట్రోల్ ఉన్నచోట ఎర్రగా కాలే రాడ్ పెట్టడమంటే నిప్పుతో చెలగాటమే. అక్కడ స్వెట్టరే హీటర్. పాలిష్ పని ఎండెక్కాక పెట్టుకోవచ్చు.

ఇక బొగ్గుల అంగీఠీ. చవక కాబట్టి దీన్నే నమ్ముకునేవాళ్లు ఎక్కువ. కార్ఖానాలోనే పడుకునే కుర్రాళ్లు రాత్రి షట్టర్ దించేసి పక్కన అంగీఠీ పెట్టుకుంటారు. పొగ రావడం లేదు కదా అనుకుంటారు. కానీ కణకణలాడే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మెలకువగా ఉన్నవాళ్లకైతే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం లాంటి సూచనలు ఉంటాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. అంగీఠీ కావాలంటే బయట, ఆరుబయటే కాచుకోండి. పడుకునేవాళ్లకు ఇంకో రజాయి కొనివ్వండి. గ్యాస్ హీటర్‌కూ మూసిన గదిలో ఇదే ప్రమాదం ఉంది. పైగా ఇంటి సిలిండర్‌ను షాపులో వాడటం చట్టవిరుద్ధం.

పెద్ద హీటరే కావాలంటే ముందు ప్లగ్ చూసుకోండి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. ఫ్యాన్, లైట్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌లో, చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే వైరు కరుగుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, సరైన వైరింగ్ ఉంటేనే పెట్టాలి.