పందెపు గుర్రము - గెలుపు వంశానుగతమా?

పందెములో గెలిచిన గుర్రమునకు బహుమతి లభించుట అందరును ఎరిగినదే. కాని గొప్ప గుర్రము వలన యజమానికి ఎక్కువ ధనము వచ్చునది అది పరుగు మానిన తరువాతనే. మందకు మేలుజాతి ఆబోతు ఎట్టిదో, పందెపు గుర్రముల పెంపకమునకు విజేతయైన మగగుర్రము అట్టిది. దానితో కలుపుటకు తెచ్చిన ప్రతి ఆడగుర్రమునకు రుసుము వసూలు చేయుదురు. థరోబ్రెడ్ అను ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ వలన పుట్టిన పిల్లను వంశపట్టికలో చేర్చుకొనరు.

అమెరికా దేశపు సెక్రటేరియట్ ఇందుకు మంచి ఉదాహరణము. 1973లో అది ట్రిపుల్ క్రౌన్ అనబడు మూడు గొప్ప పందెములను గెలిచెను. 1948 తరువాత ఆ ఘనత మరే గుర్రమునకు దక్కి యుండలేదు. చివరిదైన బెల్మాంట్ పందెములో అది ఒకటిన్నర మైలును 2 నిమిషముల 24 సెకండ్లలో పరుగెత్తి, రెండవ గుర్రము కంటె 31 గుర్రముల పొడవు ముందుగా గమ్యము చేరెను.

వింత యేమనగా, ఈ విజయములకు ముందే దాని భవిష్యత్తు అమ్ముడు పోయినది. యజమానురాలు పెన్నీ చెనరీ తండ్రి 1973 జనవరిలో మరణించెను. ఆస్తిపన్ను చెల్లింపవలసి వచ్చెను. అందుచే గుర్రమును 32 వాటాలుగా విభజించి, ఒక్కొక్కటి 1,90,000 డాలర్లకు విక్రయించిరి. మొత్తము 60,80,000 డాలర్లు. మూడేండ్ల ప్రాయము దాటిన పిమ్మట దానిని పరుగెత్తింపరాదని నియమము. ఒక్క పందెములో కాలు విరిగినచో వాటాదారుల సొమ్మంతయు పోవును గదా!

కెంటకీలోని క్లేబోర్న్ క్షేత్రమునకు చేరిన తరువాత జరిపిన తొలి పరీక్షలో దాని వీర్యమున పరిపక్వము కాని కణములు కనబడెను. వాటాదారులు కలవరపడిరి. ముందుగా థరోబ్రెడ్ కాని ఆడగుర్రములతో కలిపి చూచిరి. వానిలో అప్పలూసా జాతి గుర్రము చూడి కట్టి, 1974లో పిల్లను ఈనెను. సందేహము తీరెను. సిగార్ అను మరొక విజేతకు ఆ అదృష్టము లేకపోయెను. వరుసగా 16 పందెములు గెలిచి 1996లో విరమించిన ఆ గుర్రము వలన ఒక్క ఆడగుర్రమైనను చూడి కట్టలేదు.

సెక్రటేరియట్‌కు ఆరువందలకు పైగా పిల్లలు కలిగెను. రైజెన్ స్టార్, లేడీస్ సీక్రెట్ వంటి విజేతలు వానిలో నుండిరి. కాని తండ్రికి సాటి వచ్చినది ఒక్కటియు లేదు. కారణమేమి?

గుర్రపు కణములో 32 జతల క్రోమోసోములు కలవు. తండ్రి నుండి పిల్లకు వచ్చునది ప్రతి జతలో ఒకటి మాత్రమే. అవి కలియగల విధములు సుమారు 429 కోట్లు. మిగిలిన సగము తల్లిది. తండ్రిని విజేతగా చేసిన కూర్పు పిల్లలో చెదరిపోవును. పైగా మేత, శిక్షణ, స్వారి చేయువాని నేర్పు కూడ గెలుపులో పాలుపంచుకొనును. ఎడింబరో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, గుర్రములు జీవితకాలమున గెలుచు ధనములోని భేదములలో సుమారు పదోవంతు మాత్రమే జన్యువుల వలన కలుగును. అధిక రుసుము గల మగగుర్రమునకు మేలైన ఆడగుర్రములు వచ్చును. పుట్టిన పిల్లలకు మేలైన శిక్షకులు దొరకుదురు. కీర్తి యంతయు తండ్రికి పోవును.

సెక్రటేరియట్ వంశబలము దాని కుమార్తెల బిడ్డలలో బయటపడెను. స్టార్మ్ క్యాట్, ఎ.పి. ఇండీ అను దౌహిత్రులు సంతానోత్పత్తిలో పేరెన్నికగన్నవి. 1973లో వాటాలు కొన్నవారు దీనిని ఊహింపగలిగిరా?

అందరును కొద్ది మగగుర్రముల వెంటనే పడుటలో మరొక ప్రమాదము కలదు. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పరిశీలించిన గుర్రములలో 97 శాతము వాని వంశవృక్షములో నార్తర్న్ డాన్సర్ అను ఒకే గుర్రము కనబడెను. దగ్గర సంబంధముల కలయిక పెరిగిన కొలది లోపములు బయటపడుట కవకాశము హెచ్చును. అమెరికా జాకీ క్లబ్ 2020లో, ఆ ఏడు మొదలు పుట్టిన మగగుర్రమునకు ఏటికి 140 ఆడగుర్రములే మితమని నియమము చేసెను. పెంపకందారులలో కొందరు న్యాయస్థానమున కెక్కగా, 2022లో దానిని ఉపసంహరించుకొనెను.

ఒక యజమానికి లాభమైనది జాతి యంతటికి లాభము కాకపోవచ్చును. గడియారము గుర్రపు వేగమును కొలువగలదు గాని, దాని కడుపున పుట్టబోవు పిల్లల వేగమును కొలువజాలదు.