మూరెడు మర్రి

కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమానును చూసినవారికి మర్రి అనగానే సుమారు అయిదెకరాల నీడ కన్నుల ముందు నిలుస్తుంది. మా యింటి మర్రి ఎత్తు మూరెడు. దాని నీడలో పిచ్చుక కూర్చున్నా తోక ఎండలోనే ఉంటుంది. అయినను అది మర్రియే. ఊడలున్నవి; కాండంపై ముదిమి ముడతలున్నవి; వయస్సు 22 ఏండ్లు.

జపానువారు ఈ విద్యను బోన్సాయ్ అంటారు. బోన్ అంటే లోతు లేని పళ్ళెము, సాయ్ అంటే నాటుట. మనవారిలో దీనికి వామనవృక్షమని పేరు పెట్టినవారు రసికులే. అయితే ఆ పోలిక ఒక్కచోట తప్పుతుంది. ఆ వామనుడు మూడడుగులు అడిగి ముల్లోకాలనూ ఆక్రమించాడు. ఈ వామనునికి మూడంగుళాల మన్ను ఇచ్చి, దాని లోకమంతటినీ మనమే ఆక్రమించుకున్నాము. అది ఎండలో ఉండవలెనా నీడలో ఉండవలెనా, ఎప్పుడు త్రాగవలెను, ఎంత త్రాగవలెను, అన్నీ మన దయ.

ఈ చెట్టు నాది కాదు. మా కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మిత్రులొకరు దీనిని పెంచినారు. నిరుడు మాఘమాసంలో వారు హైదరాబాదులోని కుమారుని ఇంటికి తరలిపోతూ, అక్కడి వసారా పడమటి ముఖముగా ఉన్నదని, చెట్టు తట్టుకోలేదని, నాకు అప్పగించారు. "చచ్చిపోతే దాచకండి, చెప్పండి" అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. కన్నబిడ్డను దత్తు ఇచ్చేవారి మాట అట్లాగే ఉంటుంది కాబోలు.

మా ఊరు పలనాటిది. రెంటచింతల ఎండల సంగతి ప్రతి వేసవిలోను పత్రికలు చెబుతూనే ఉంటవి గనుక నేను వర్ణింపనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెత కట్టినవాడు మా వైపు వాడే అయి ఉంటాడు. నేనేమో చెట్టును డాబా మీద, అందరికీ కనబడేటట్లు పిట్టగోడ ప్రక్కన పెట్టుకున్నాను. అది చాలదన్నట్లు, బలానికని పెరటిలోని నల్లరేగడి తెచ్చి కుండీలో పైపైన నింపినాను. తెలుగు పండితుడు వ్యవసాయానికి పూనుకుంటే ఇట్లాగే ఉంటుంది.

వైశాఖంలో ఆకులు పసుపుబారినవి. దాహమనుకొని రెండుపూటలా నీరు పోసినాను. రాలినవి. నాలుగు పూటలా పోసినాను. రోహిణి కార్తె వచ్చేసరికి చెట్టు దిసమొలతో నిలిచింది. మహబూబ్‌నగర్ వద్ద పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, ఆస్పత్రిలో సెలైను సీసాల వలె మందు సీసాలు వ్రేలాడదీసి మానులోనికి చుక్క చుక్కగా ఎక్కించిన సంగతి చాలామందికి జ్ఞాపకముండవచ్చు. మా యింటి ఇల్లాలు ఆ మాట ఎత్తి, "మీ చెట్టుకు కూడా ఒక సీసా కట్టించండి" అన్నది. హాస్యమో కోపమో తెలియలేదు. ఆ చుక్క చుక్క అన్న మాట మాత్రం నన్ను గ్రుచ్చింది. నేను బిందెలతో పోస్తున్నాను మరి.

మూడు రోజులు తటపటాయించి చివరకు మిత్రులకు ఫోను చేసినాను. వారు నన్ను ఏమీ అనలేదు. "గోటితో బెరడు గీకి చూడండి" అన్నారు. ఎడమ ప్రక్క పెద్దకొమ్మ గీకితే గోధుమరంగు, ఎండిపోయింది. కాండం మొదట గీకితే లేత పచ్చదనం కనిపించింది. "అయితే ఉన్నది. ఇప్పుడు వెదురుపుల్ల ఒకటి మట్టిలో గ్రుచ్చి, కాసేపు ఉంచి తీయండి." తీసినాను. పుల్ల పొడవునా తడి, కొంచెం దుర్వాసన. "ఏమండీ, అది దప్పికతో చావడం లేదు. మునిగి చస్తున్నది."

వారు తరువాత చెప్పిన సంగతి విద్యార్థులు కూడా తెలుసుకోదగినది. నేలలోని మర్రి ఎండ ముదిరితే లోతున ఉన్న చల్లని మట్టిలో వేళ్ళు దాచుకుంటుంది. కుండీలోని మర్రికి ఆ లోతు లేదు. డాబా సెగ క్రిందినుండి, ఎండ ప్రక్కలనుండి, వేళ్ళను ఉడికిస్తాయి. వడగాలి ఆకులలోని నీటిని లాగినంత వేగంగా ఆ వేళ్ళు నీరు పంపలేవు. అప్పుడు చెట్టు ఆకులను రాల్చివేస్తుంది. అది మరణం కాదు, పొదుపు. ఆకులు లేని చెట్టు త్రాగేది బహుస్వల్పం. సరిగ్గా ఆ సమయంలోనే మనం జాలిపడి నీరు గ్రుమ్మరిస్తాము. మట్టి సందులలో గాలి ఉండవలసిన చోట నీరు నిలుస్తుంది. వేళ్ళు కూడా ఊపిరి పీల్చేవే గనుక, ఊపిరాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీరు త్రాగలేదు. చెట్టు మరింత వాడుతుంది. మనం మరింత పోస్తాము. నా నల్లరేగడి ఈ పనికి చక్కగా తోడ్పడింది.

నీరు పోయడం నేర్చుకొనడానికి మూడేళ్ళు పడుతుందని జపాను తోటవారిలో ఒక నానుడి ఉన్నదట. మొదట విన్నప్పుడు నవ్వినాను. పాఠం చెప్పడంలో ఎక్కడ ఆపవలెనో నేర్చుకొనడానికి నాకు పదేళ్ళు పట్టిందని జ్ఞాపకం వచ్చి నవ్వు ఆపుకున్నాను.

ఆ దేశపు చెట్టు కథే ఒకటి వారు చెప్పారు. 1625 నుండి కుండీలో పెరుగుతున్న తెల్లదేవదారు ఒకటి హిరోషిమాలో యమాకి కుటుంబం తోటలో ఉండేది. 1945 ఆగస్టు 6న అణుబాంబు ప్రేలిన తావుకు అది దాదాపు మూడు కిలోమీటర్ల దూరం. గోడ చాటున ఉండి బ్రతికింది. 1976లో మసారు యమాకి దానిని అమెరికాకు కానుకగా ఇచ్చారు. 2001లో ఆయన మనుమలు వాషింగ్టను వచ్చి చెప్పేవరకు అది హిరోషిమాను దాటివచ్చిన చెట్టని అక్కడివారికి తెలియదు. అటువంటి మహావృక్షాన్ని తెచ్చి మా ఊరిలో పెడితే నిలువదు. దానికి చలికాలపు నిద్ర కావలె, మా చలికాలం ఆ నిద్రకు చాలదు. మర్రి అట్లా కాదు. తాటిమట్టల నడుమ, పాతగోడ బీటలో, పిడికెడు ధూళితో మొలిచే జాతి. ఈ నేలకు తగిన చెట్టే. తగనిది నా సేవ.

డాబా మీదనుండి తూర్పు వసారాకు దించినాను. ఉదయం రెండు గంటల ఎండ, ఆపైన నీడ. పడమటి గాలికి వట్టివేళ్ళ తడక కట్టినాను. కుండీని తడి ఇసుక పోసిన వెడల్పు తొట్టిలో దించి, చుట్టూ తడిపిన గోనె చుట్టినాను. నీరు తెల్లవారుజామున ఒక్కసారే, అదీ పుల్ల పొడిగా వచ్చిన నాడే. పగటి వేళ పోయరాదు. డాబా తొట్టిలోని నీరు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది, నేను పోసినవి ఆ నీళ్ళే. ఎరువు కూడదు. కత్తిరింపు కూడదు. కుళ్ళిన మట్టిని వెంటనే మార్చుదునా అంటే, "జ్వరం తీవ్రంగా ఉండగా కత్తి పెట్టరు, వాన పడనీయండి" అన్నారు.

ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం ఇన్నింటిలో కష్టమైనది. రోజూ పుల్ల తీసి చూడటం, తడిగా ఉంటే చెంబుతో వెనుదిరగటం. తొమ్మిది రోజులు వరుసగా వెనుదిరిగినాను.

ఆషాఢంలో నాలుగు వానలు పడిన తరువాత కాండం మొదట ఎర్రని మొగ్గ ఒకటి, గోరంత, పొడుచుకువచ్చింది. వారం తిరిగేసరికి మరి మూడు. అప్పుడు మట్టి మార్చినాము. నల్లబడి మెత్తబడిన వేళ్ళు సగానికి పైగా పోయినవి. ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొద్దిగా చివికిన ఆకు ఎరువు కలిపి నాటినాను. ఎడమ పెద్దకొమ్మను రంపంతో కోయవలసివచ్చింది. అది మిత్రులు పదిహేనేండ్లు తీగ చుట్టి, వంచి, తీర్చిన కొమ్మ. ఆ సంగతి ఫోనులో చెప్పలేకపోయినాను.

దసరాకు వారు వచ్చారు. కాఫీ కూడా త్రాగకుండా వసారాలోనికి నడిచారు. చెట్టు కుడివైపు గుబురుగా, ఎడమవైపు బోడిగా, ఒంటిచేతి మనిషి వలె నిలిచి ఉన్నది. కొమ్మ కోసిన గాయం అంచుల వెంట కొత్త బెరడు ఉంగరంలా వస్తున్నది. వారు దానిని వ్రేలితో తడిమి చాలాసేపు ఊరకున్నారు. తరువాత కండ్లద్దాలు సవరించుకొని, మట్టిలోనుండి పుల్ల తీసి వెలుతురుకు పట్టి చూసి, "ఈవేళ పోయకండి" అన్నారు.