స్టెంటు చవకైంది, గోలీల సంగతేంది?

గుండెజబ్బు కూర్చుని తినేవాళ్లకే వస్తుందనే మాట ఎవరు పుట్టించారో గానీ అది శుద్ధ అబద్ధం. మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల మేం తిరిగిన మాల మాదిగ వాడల్లో స్టెంటు వేయించుకున్నవాళ్లు ఉన్నారు. భూములు రింగురోడ్డుకూ షెడ్లకూ పోయినంక గోదాముల్లో హమాలీలుగా, జీనోమ్ వ్యాలీ గేట్ల దగ్గర వాచ్‌మెన్లుగా బతికేవాళ్లే వీళ్లు. చుట్టూ మందుల కంపెనీలే, చేతిలో మాత్రం గోలీకి పైసల్లేవు.

స్టెంటు అంటే సన్నని లోహపు జాలీ గొట్టం. గుండె రక్తనాళం పూడుకున్నచోట బెలూనుతో తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా దీన్ని నిలబెడతారు. ఉత్త లోహపు స్టెంటు వేస్తే నూటికి ఇరవై, ముప్పై మందికి నాళం మళ్లీ సన్నబడేది. మందు పూసిన స్టెంటు వచ్చాక అది పది లోపుకు దిగింది.

ధర మాత్రం దిగలేదు. చవకగా చేయొచ్చని 1990లలోనే అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె డాక్టరు సోమరాజు కలిసి తమ స్టెంటుతో చూపించారు. అయినా 2017 నాటికి మందు పూత స్టెంటు సగటు ఎమ్మార్పీ 1,21,000 రూపాయలు. బీరేందర్ సాంగ్వాన్ అనే వకీలు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కితేగానీ ప్రభుత్వం కదల్లేదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందు పూత దానికి 29,600, ఉత్త లోహపు దానికి 7,260 గరిష్ఠ ధర పెట్టింది (తర్వాత ఏటేటా మారుతోంది). స్టెంటు మీద లాభం 654 శాతం దాకా పోయిందని ఆ సంస్థే లెక్క తేల్చింది. పుస్తెలమ్మిన ఇళ్లకు ఆ తేడా ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

సరే, ధర తగ్గింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలైంది. కానీ స్టెంటు పనితనం ఆ లోహంలోనే లేదు, రోజూ మింగే గోలీలో ఉంది. గుండెపోటుకు స్టెంటు వేస్తే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మందు మామూలుగా ఏడాది పాటు ఆపకుండా వాడాలి. డాక్టరుకు చెప్పకుండా మధ్యలో మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టొచ్చు. అది చాలాసార్లు ప్రాణం తీస్తుంది. ఈ ముక్క డిశ్చార్జి కాయితంలో ఇంగ్లీషులో ఉంటుంది. నొప్పి పోయింది గదా అని మనవాళ్లు రెండో నెలలోనే ఆపేస్తారు. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాది దాకా ఫాలో అప్ మందులున్నాయి. వాటికోసం మళ్లీ సిటీకి పోవాలి, ఒక రోజు కూలి పోతుంది. ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేకపోవడం ఒక్కటే నయం.

ఇంకో మాట. గుండెపోటు వచ్చినప్పుడు స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, అప్పుడు వెనకాడొద్దు. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల అనే నిలకడ జబ్బు వేరు. అమెరికా వగైరా దేశాల్లో చేసిన పెద్ద పరిశోధనలు, 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా, ఇలాంటివాళ్లలో మంచి మందులకు స్టెంటు జోడించినా చావులు తగ్గలేదని చూపాయి. నొప్పి తగ్గుతుంది, నిజమే. కాబట్టి "ఇప్పుడే వేయాలా, మందులతో చూద్దామా" అని అడగాలి. అడిగితే కసురుతారని మనవాళ్ల భయం. తరతరాలుగా నోరెత్తనివ్వని చోట ఆ భయం ఊరికే పుట్టలేదు.

కాయితం కూడా అడగాలి. బిల్లులో స్టెంటు ధర, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా రాయాలని 2017 ఉత్తర్వే చెప్పింది. ఎందుకంటే 2010 ఆగస్టులో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల కంపెనీ తుంటి ఇంప్లాంటు లోపం వల్ల వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాన్ని వేయించుకున్న దాదాపు 4,700 మందిలో సుమారు 3,600 మంది జాడే దొరకలేదు. ఆరోగ్యశ్రీలో మనం పైసలు కట్టం, బిల్లు చేతికి రాకపోవచ్చు. స్టెంటు డబ్బా మీది స్టిక్కరు ఫైలులో అంటించి ఇమ్మని డిశ్చార్జికి ముందే అడిగి తీసుకోవాలి. గోలీల పేర్లు, ఎన్నాళ్లు వాడాలో తెలుగులో రాయించుకోవాలి. వాడలో చదువుకునే పిల్లలున్నారు, ఈ పని వాళ్లకు అప్పజెప్పవచ్చు.