ఫోను ఇంటర్నెట్టును ఇంటిల్లిపాదికీ పంచే రౌటరు – ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు

అండమాన్ నికోబార్ దీవులతో తెలుగువారి అనుబంధం ఈనాటిది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకై, కూలిపనులకై, ఉద్యోగాలకై తరలివెళ్ళిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581 కాగా, వారిలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఈ కుటుంబాలలో పిల్లల చదువు, బ్యాంకు లావాదేవీలు, చేపల బేరం, ప్రధాన భూభాగంలోని బంధువులతో మాటామంతీ నేడు చేతిలోని ఫోనుపైనే సాగుతున్నాయి. ఆ ఒక్క ఫోను కనెక్షనును ఇంట్లో అందరికీ పంచుకొనుటకు రౌటరు కొనవలెనని పలువురు తలపెట్టుచున్నారు. ఏది కొనవలెను, అసలు కొనవలెనా అను విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింతము.

దీవులకు ఇంటర్నెట్ వచ్చిన తీరు

చాలా కాలం ఈ దీవులు బయటి ప్రపంచంతో ఉపగ్రహం ద్వారానే ముడిపడి ఉండెడివి. ఆ మార్గం ఖరీదైనది, సామర్థ్యమూ పరిమితము. ఈ కొరత తీర్చుటకు చెన్నై నుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున ఆప్టికల్ ఫైబర్ కేబులు వేసిరి. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరుగగా, 2020 ఆగస్టు 10న కేబులు ప్రారంభమైనది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీపం, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఇది చేరినది. తరువాత 2025 సెప్టెంబరులో బి.ఎస్.ఎన్.ఎల్. దేశీయ పరిజ్ఞానంతో రూపొందిన 4జి సేవను దేశవ్యాప్తంగా ప్రారంభించినది.

అయితే కేబులు తీరానికి చేరినంత మాత్రాన ప్రతి ఇంటికీ వేగం చేరదు. టవరుకు, ఇంటికి నడుమ కొండ, దట్టమైన అడవి, ఇంటిపై ఇనుప రేకుల కప్పు – ఇవన్నియు సిగ్నలును అడ్డగించును. రౌటరు సిగ్నలును పుట్టించలేదు. వచ్చిన సిగ్నలును పంచగలదు. కొనుగోలుదారు మొట్టమొదట గ్రహించవలసిన సత్యం ఇదియే.

మూడు మార్గములు

మొదటిది, ఫోనులోని హాట్‌స్పాట్. దీనికి అదనపు ఖర్చు లేదు. రెండు మూడు పరికరాలకు, ఒక గది దూరానికి ఇది చాలును. కానీ ఫోను వేడెక్కును, బ్యాటరీ త్వరగా తరుగును. ఫోను యజమాని బయటకు వెళ్ళినచో ఇంట్లోని ఇంటర్నెట్టు కూడ ఆయన వెంటనే వెళ్ళును. తండ్రి వేటకు పోగా పిల్లవాని పాఠం ఆగిపోవుట ఇందువలననే.

రెండవది, ఫోను కనెక్షనును అందుకొని తిరిగి పంచే రౌటరు. కొన్ని రౌటర్లు ఫోను హాట్‌స్పాట్‌ను వైఫై ద్వారానే గ్రహించి ఇల్లంతటా వ్యాపింపజేయును. మరికొన్ని యు.ఎస్.బి. తీగతో ఫోనుకు జతపడును. అయితే రౌటరు వెనుక యు.ఎస్.బి. రంధ్రం ఉన్నంత మాత్రాన అది ఫోను నుండి ఇంటర్నెట్టును తీసికొనునని భావింపరాదు. అనేక రౌటర్లలో అది పెన్‌డ్రైవు వంటి వాటికి మాత్రమే ఉద్దేశింపబడినది. దుకాణంలోనే మీ ఫోనును తగిలించి చూపుమని అడుగుట ఉత్తమం.

మూడవది, సిమ్ కార్డు అమర్చు రౌటరు. దీనికి ఫోనుతో పని లేదు. వేరొక సిమ్ తీసికొని అందులో ఉంచినచో రేయింబవళ్ళు పని చేయును. ఇంట్లో నలుగురైదుగురు వాడువారున్నపుడు ఇది అనుకూలమైనది. జేబులో పట్టే చిన్న బ్యాటరీ రకములు కూడ కలవు గాని, వాటి వ్యాప్తి తక్కువ.

మీ వీధికి ఫైబర్ కనెక్షను వచ్చినట్లయితే ముందుగా దాని నెలసరి రుసుమును విచారించండి. ఎక్కువగా వాడే కుటుంబానికి అది మొబైల్ డేటా కంటె లాభసాటి కావచ్చును.

ఏ సిమ్ వేయవలెను?

ఇది అన్నింటికంటె ముఖ్యమైన అంశం. బ్యాంకు ఖాతాకు నమోదైన నంబరు గల సిమ్‌ను ఫోను నుండి తీసి రౌటరులో వేయరాదు. అట్లు చేసినచో బ్యాంకు పంపు ఓ.టి.పి., ఖాతా నుండి సొమ్ము తీయబడినట్లు తెలుపు సందేశము ఫోనుకు రావు. ఎవరైనా మోసగించి సొమ్ము కాజేసినను సకాలంలో తెలియదు.

ప్రాణాలకు సంబంధించిన కారణం కూడ ఒకటి కలదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీని దీవులవారు మరువలేరు. తుఫాను, సునామీ హెచ్చరికలు మొబైలు నెట్‌వర్కు ద్వారా సిమ్ ఉన్న ఫోనుకే సందేశంగా వచ్చును. సిమ్ రౌటరులో ఉన్నచో ఆ హెచ్చరిక పెట్టెలోనే నిలిచిపోవును. కాబట్టి రౌటరుకు ప్రత్యేకంగా మరొక సిమ్ తీసికొనవలెను. అది కూడ కుటుంబ సభ్యుని పేరనే, నమోదిత విక్రేత వద్దనే తీసికొనవలెను. పరుల పేరిట ఉన్న సిమ్ వాడరాదు.

కొనుటకు ముందు పరీక్ష

ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. మీ ప్రాంతంలో సేవలందించు కంపెనీల సిమ్‌లున్న ఫోనులను ఇరుగుపొరుగు వారి నుండి తెచ్చి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఇంటి నలుమూలలా వేగం పరీక్షించండి. ఫలితాలను కాగితంపై వ్రాసికొనండి.

1. ఇంటి మధ్యలోనే వేగం బాగున్నచో ఫోను హాట్‌స్పాట్ లేక సాధారణ సిమ్ రౌటరు చాలును.

2. కిటికీ వద్ద బాగుండి లోపలి గదులలో లేనిచో, కిటికీ వద్ద ఉంచదగిన రౌటరు కావలెను.

3. ఇంట్లో ఎక్కడా లేక, పైకప్పుపై మాత్రమే ఉన్నచో, బయటి యాంటెన్నా తగిలించు వీలున్న 4జి రౌటరు అవసరము. విప్పదగిన యాంటెన్నాలు కొన్ని రౌటర్లలో వైఫైకి మాత్రమే చెందును. అవి టవరు సిగ్నలుకు తోడ్పడవు. యాంటెన్నా తీగ పొడవైనకొలది సిగ్నలు క్షీణించును గనుక అవసరమైనంత పొడవే తీసికొనవలెను. పిడుగుల కాలంలో తీగను విప్పి ఉంచుట మంచిది.

4. పైకప్పుపైన కూడ సిగ్నలు లేనిచో ఏ రౌటరూ కొనవద్దు. అనుమతి లేని సిగ్నల్ బూస్టరు వాడుట, అమ్ముట చట్టవిరుద్ధము. అది పరిసరాలలోని ఇతరుల ఫోను సేవలను కూడ చెడగొట్టును.

పెట్టెపై చూడవలసినవి

రౌటరు ఏ తరంగ శ్రేణులను గ్రహించునో పెట్టెపై ఉండును. ఉదాహరణకు బి.ఎస్.ఎన్.ఎల్. 4జి ప్రధానంగా 700, 2100 మెగాహెర్ట్జ్ శ్రేణులలో నడచును. విదేశాల నుండి తెచ్చిన లేక పాతబడిన రౌటరులో 700 శ్రేణి లేకపోవచ్చును. అప్పుడు టవరు చేరువలో ఉన్నను ఫలితం కొరవడును. ఒక కంపెనీ అమ్మిన రౌటరు ఆ కంపెనీ సిమ్‌తోనే పని చేయునట్లు బిగింపబడి ఉండుట కూడ కలదు; దీనిని అడిగి తెలిసికొనండి.

వైఫై రెండు శ్రేణులలో వచ్చును. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను దాటి దూరం పోవును. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది గాని దగ్గరకే పరిమితము. రెండూ ఉన్నది మేలు.

సిమ్ రౌటరుకు ఫోనుకు వలెనే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండును. ఇంగ్లీషు అక్షరాలలో కె.వై.ఎం. అని టైపు చేసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను 14422కు సందేశంగా పంపినచో దాని వివరాలు తెలియును. పవర్ అడాప్టరుపై బి.ఐ.ఎస్. నమోదు సంఖ్య ఉన్నదో లేదో చూడవలెను.

విద్యుత్తు, ఉప్పుగాలి

దీవులలో విద్యుత్తు ఎక్కువగా డీజిలు జనరేటర్ల నుండి లభించుచున్నది. కరెంటు పోయిన వేళ కూడ రౌటరు పని చేయవలెనన్నచో 12 వోల్టుల చిన్న బ్యాటరీ యూనిట్ కొనవచ్చును. 12 వోల్టులు, 1 ఆంపియరు అడాప్టరు గల రౌటరు 12 వాట్లకు మించి తీసికొనదు. రోజంతా నడచినను నెలకు 9 యూనిట్ల లోపే. ఉప్పుగాలికి తీగల కొనలు తుప్పుపట్టును గనుక రౌటరును వంటగదికి, తెరచిన వరండాకు దూరంగా ఉంచవలెను.

డేటా లెక్క, రుణం మాట

సాధారణ నాణ్యతలో వీడియో చూచినచో గంటకు సుమారు 1 జి.బి. వరకు ఖర్చగును. రోజుకు 2 జి.బి. ఇచ్చు పథకంలో ఇద్దరు పిల్లలు చెరి ఒక గంట వీడియో పాఠాలు చూచినచో ఆనాటి డేటా ముగియును. కావున రౌటరు ధరతో పాటు నెలసరి రీఛార్జిని కూడ లెక్కించవలెను. రూ. 3,000 ధర గల రౌటరు మూడు సంవత్సరములు మన్నినచో నెలకు పడునది రూ. 83 మాత్రమే. అసలు భారం రీఛార్జిదే. ఇట్టి వస్తువును రుణం చేసి కొనవలసిన అవసరం లేదు. వలలకు, డీజిలుకు, ఐసుకు ఉద్దేశించిన కిసాన్ క్రెడిట్ కార్డు సొమ్మును దీనికి మళ్ళించినచో వేట సమయంలో చేతిలో పైకముండదు.

విక్రేతలకు ఒక మాట

సరుకు ఓడపై రావలసిన దీవులలో చెడిపోయిన రౌటరును చెన్నైకో, విశాఖకో పంపి తిరిగి తెప్పించుట వారాల పని. స్థానికంగా మార్చి ఇచ్చు ఒప్పందమున్న ఒకటి రెండు రకములనే నిల్వ చేయుట క్షేమము. సరుకు కొరకు పెట్టుబడి కావలసిన చిన్న వ్యాపారులు ముద్రా పథకంలోని శిశు విభాగం కింద రూ. 50,000 వరకు రుణానికి బ్యాంకు శాఖను సంప్రదించవచ్చును. అమ్మిన రౌటరును బిగించునపుడు పెట్టెపై అచ్చయిన పాస్‌వర్డును మార్పించి, కొత్తది కొనుగోలుదారుని చేతనే పెట్టించవలెను. పాస్‌వర్డు లేని వైఫై, తలుపు లేని ఇల్లు ఒక్కటే.

ముందు సిగ్నలు, తరువాత సిమ్, ఆ పిదపనే రౌటరు – ఈ వరుస తప్పక పాటించినచో సొమ్ము వృథా కాదు. ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్టు అక్కరకు వచ్చును.