ఈవీ స్కూటర్ ఛార్జర్: ‘48 వోల్ట్’ అని రాసి ఉంటే సరిపోదు!

2022 ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడ గులాబీతోటలో, బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. బండి కొన్నది ముందు రోజే! ఇలాంటి ప్రమాదాల తర్వాత కేంద్రం ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేసింది. అవి 2022 డిసెంబర్, 2023 మార్చిలలో రెండు దశలుగా అమల్లోకి వచ్చాయి. ప్యాక్ ఎంత మంచిదైనా, దానికి ఏ ఛార్జర్ పెడుతున్నామన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

ఒకే పేరు, వేర్వేరు వోల్టేజ్

‘48 వోల్ట్’ అనేది బ్యాటరీ రకానికి పెట్టిన పేరు లాంటిది. ఫుల్ ఛార్జ్ వోల్టేజ్ వేరు.

• ఎన్‌ఎంసీ (13 సెల్స్): 13 × 4.2 = 54.6 వోల్ట్‌లు
• ఎల్‌ఎఫ్‌పీ (16 సెల్స్): 16 × 3.65 = 58.4 వోల్ట్‌లు
• లెడ్ యాసిడ్ (నాలుగు 12 వోల్ట్ బ్యాటరీలు): సుమారు 58 వోల్ట్‌లు

ఇప్పుడు 58.4 వోల్ట్ ఛార్జర్‌ను ఎన్‌ఎంసీ ప్యాక్‌కి పెట్టారనుకోండి. ఒక్కో సెల్‌కి దాదాపు 4.5 వోల్ట్‌లు వెళ్తాయి. లిమిట్ 4.2 మాత్రమే! సెల్ వేడెక్కి మంటలు రావచ్చు. బీఎంఎస్ ఆపాలి, నిజమే. కానీ అది ఆఖరి రక్షణ, రోజూ దాని మీదే భారం వేయకూడదు. పాత లెడ్ యాసిడ్ తీసేసి లిథియం వేయించుకున్నవాళ్లు పాత ఛార్జర్‌నే వాడటం అందుకే డేంజర్.

ఏం చేయాలి?

• ఛార్జర్ లేబుల్ మీద ‘అవుట్‌పుట్’ చూడండి. ప్యాక్ మీదున్న ఛార్జింగ్ వోల్టేజ్‌తో అది సరిపోలాలి. ఆంప్స్ కూడా ప్యాక్ లిమిట్ దాటకూడదు.
• చాలా లిథియం సెల్స్‌కి ఛార్జింగ్ లిమిట్ 45 డిగ్రీలు. బెజవాడ ఎండలో తిరిగొచ్చిన బండిని వెంటనే ప్లగ్ చేయకండి, చల్లారనివ్వండి.
• బెడ్‌రూమ్‌లో, గుమ్మం దగ్గర, మెట్ల కింద వద్దు. మంట వస్తే బయటపడే దారే మూసుకుపోతుంది.
• రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసి పడుకోవద్దు.
• 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలాంటి నీళ్లలో మునిగిన ప్యాక్‌ని, ఆరినట్టు కనిపించినా సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించకుండా ఛార్జ్ చేయకండి.

ఈరోజే మీ ఛార్జర్ తిప్పి లేబుల్ చదవండి. ఒక్క నిమిషం పని!