చక్కెరవ్యాధియు నీటికాసులును



మధుమేహము గలవారు ఏటేట కన్నులు చూపించుకొనవలయునని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నేడు చాలమంది యెఱుగుదురు. రక్తమున చక్కెర హెచ్చినచో కంటి లోపలి పటలమునందలి సన్నని రక్తనాళములు చెడును. ఆ పరీక్షలోనే మఱియొక వ్యాధిని గూడ కనిపెట్టవచ్చునను సంగతి పలువురికి తెలియదు. వైద్యులు దానిని గ్లాకోమా యందురు, తెనుగున నీటికాసులు. నేను వైద్యుడను గాను, బడిపంతులను. తెలిసినదానిని తెలియజెప్పుట నా వృత్తిధర్మము గనుక విన్నవించుచున్నాను.

మన సీమలో చెఱువు నెఱుగనివారు లేరు. వాగునీరు వచ్చుచుండును, తూమున పోవుచుండును. తూము పూడినచో నీరు పెరిగి కట్టను త్రోయును. కంటిలోను ఒక తేటనీరు ఎడతెగక పుట్టి, సన్నని దారిని వెలికి పోవుచుండును. ఆ దారి సరిగా సాగనిచో ఒత్తిడి పెరిగి, చూపును మెదడునకు గొనిపోవు నరమును క్రమక్రమముగ క్షీణింపజేయును.

ఈ వ్యాధి సాధారణముగ గుట్టుగా వచ్చును. నొప్పి యుండదు, ఎఱుపు గానరాదు. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు చాలకాలము నిలుచును. సంతలో ఎదుటివానిని పోల్చి పేరుపెట్టి పిలువగల పెద్దయే ప్రక్కనుండి వచ్చు బండిని గానడు. అది ముసలితనమని సరిపెట్టుకొనును. శుక్లమైనచో శస్త్రచికిత్సచే చూపు మరల వచ్చును. నీటికాసులవలన పోయిన చూపు మరల రాదు. ఈ భేద మెఱుగక, పొర ముదిరినపిదప చూపించుకొందమని కూర్చుండుటయే గొప్ప కీడు.

1996 మొదలు 2000 వఱకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు ఆంధ్రదేశమున జనుల కన్నులను పరీక్షించిరి. హైదరాబాదు నగరమున నీటికాసులలో సామాన్యమైన రకము బయటపడినవారిలో నూటికి 90 మందికి పైగా అంతకుముందు తమకు వ్యాధి గలదని యెఱుగకయుండిరి. మఱియొక విశేషము: వారిలో పెక్కుమందికి ఒత్తిడి సామాన్యమైన హద్దులోనే యుండెను. కట్ట బలహీనమైనచో మామూలు నీటికే కోసికొనిపోవును గదా! కావున ఒత్తిడి కొలిచినంతమాత్రమున చాలదు, నరమును చూడవలయును.

ఇచటనే మధుమేహులకు చేయు పరీక్ష అక్కఱకు వచ్చును. పటలమునకు తీయు ఛాయాచిత్రములో నరము మొదలు చిన్న పళ్ళెమువలె కనబడును. దాని నడుమ నొక గుంట యుండును. ఆ గుంట మిక్కిలి పెద్దదైనను, రెండు కన్నుల గుంటలకు తేడా యున్నను అనుమానింపవలయును. అనుమానమే నిర్ణయము గాదు. ఒత్తిడి కొలిచి, నీరు పోవు మూలను అద్దముతో చూచి, ప్రక్కచూపును యంత్రముతో పరీక్షించి వైద్యుడు నిశ్చయించును. మధుమేహము ముదిరినచో పిచ్చినాళములు పుట్టి నీటిదారిని మూయుటయు గలదు. అది తీవ్రమైన నీటికాసులకు కారణమగును.

ఆరోగ్యవంతులుగ కనబడువారిలో వ్యాధిని వెదకుట మన ప్రాంతమునకు క్రొత్తగాదు. 1950 ప్రాంతమున మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయవైద్యశాలవారు పల్లెపల్లె తిరిగి, దగ్గు లేనివారికిని ఎక్స్‌రే తీసి చూచిరి. కంటివిషయమునను ఆ న్యాయమే.

కావున, చక్కెరవలన కంటికి దోషము లేదని వైద్యుడు చెప్పినప్పుడు, "అయ్యా, నరమును గూడ చూచితిరా?" యని అడుగుడు. ఇంటిలో ఒకరికి నీటికాసులున్నచో తోబుట్టువులును, బిడ్డలును పరీక్ష చేయించుకొనవలయును. వైద్యుడిచ్చిన చుక్కలమందును బాగుగానే యున్నదని మానరాదు. అది పోయిన చూపును తేదు, ఉన్నదానిని కాపాడును. కొందఱికి లేసరు చికిత్సయో శస్త్రచికిత్సయో వలసివచ్చును. స్టెరాయిడు చుక్కలను వైద్యుని యడుగక అంగడిలో కొని చిరకాలము వాడుటచేతను ఈ వ్యాధి రావచ్చును.

మీ యూర మధుమేహము గలవారెవ్వరో మీరెఱుగుదురు. వారికి ఈ మాటను చేరవేయుడు.