కిట్ కార్

విడిభాగాలుగా కొనుక్కొని ఇంటి గ్యారేజీలోనే బిగించుకునే కారే కిట్ కార్. దీనికి పేరు తెచ్చింది బ్రిటన్. కాలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్ అనే కిట్ కార్ అక్కడ 1957లో వచ్చింది. అప్పట్లో తయారైన కారుకు అక్కడ కొనుగోలు పన్ను కట్టాల్సి వచ్చేది, విడిభాగాలకు అక్కర్లేకపోయేది. అయితే బిగించే పద్ధతి రాసిన పుస్తకం జతచేయకూడదన్నది నిబంధనగా ఉండేది. అందుకే కారును విప్పే పద్ధతి రాసి ఇచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారనీ చెబుతారు. ఎంత చక్కని ఉపాయం! 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థ చేతికొచ్చాయి.

బిగింపులో అసలు పరీక్ష ఇంజిన్ దగ్గరే. గొలుసుకు వేలాడదీసి, రంగు గీసుకుపోకుండా, అంగుళం అంగుళంగా చట్రంలోకి దించాలి. పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. ఆపై బ్రిటన్‌లో ప్రభుత్వ తనిఖీలో నెగ్గితేనే కారు రోడ్డెక్కేది.